కొలబద్ద బెంచీ మీద కునుకు

పగటిపూట కన్ను మూయడమంటే ఏమిటో నాకు తెలియదు. తెల్లారి లేచింది మొదలు పొద్దుపోయేదాకా నా కళ్ళు రెండూ అంగడి తలుపుల్లా బార్లా తెరిచే ఉంటాయి. కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడగండి. మా ఆవిడను మాత్రం అడక్కండి, ఆవిడకు నా గొప్పలంటే మొదట్నుంచీ గిట్టదు. ఇంత మెలకువ గల మనిషిని కాబట్టే మా హైస్కూల్లో చదువు బాగుచేసే బాధ్యతను ప్రభుత్వం నా భుజాల మీద పెట్టింది. ప్రభుత్వమంటే హెడ్‌మాస్టారనుకోండి. భుజాల మీదంటే, నిజానికి భుజాల మీద కాదు, ఇంకాస్త కిందగా, మనిషి కూర్చునే భాగం మీద.

జరిగిందేమిటంటే, బళ్ళలో పాఠాలు ఎలా సాగుతున్నాయో చూసి నాణ్యత పెంచాలని పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పాఠం చివరి బెంచీ దాకా అందుతోందో లేదో చూడటమే అసలైన కొలత అని అందులో ఉంది. ఆ మాటకు అర్థం మామూలు మనుషులకు తెలిసిపోతుంది. మా హెడ్‌మాస్టారు మామూలు మనిషి కాదు. పూర్వాశ్రమంలో ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేశాడు. అంగళ్ళకు వెళ్ళి తూకం రాళ్ళు సరైనవో కావో చూసి ముద్ర వేసేవాడు. ఉద్యోగం మారింది గానీ చూపు మారలేదు. ఇప్పటికీ ఎవరైనా ఎదురుపడితే ముందు బరువు అంచనా కట్టి, తర్వాత పలకరిస్తాడు.

ఆయన టీచర్లందరినీ కూర్చోబెట్టి తన అనుమానం బయటపెట్టాడు. ఒక్కో క్లాసులో ఒక్కో రకం చివరి బెంచీ ఉంది. ఒకచోట అల్లరివాళ్ళు, ఒకచోట చురుకైనవాళ్ళు, ఇంకోచోట కిటికీ గాలి కోసం వెనక్కి చేరినవాళ్ళు. అంగడికో రకం రాయి ఉంటే తూకం ఎలా నిలుస్తుంది? కాబట్టి బడి మొత్తానికీ ఒకే చివరి బెంచీ ఉండాలి, దాని మీద ఒకే మనిషి ఉండాలి. ఆ బెంచీనీ ఆ మనిషినీ క్లాసు క్లాసుకూ మోసుకెళ్ళి పాఠాన్ని తూచాలి. ఆ మనిషి మరీ తెలివైనవాడు కాకూడదు, మరీ మొద్దూ కాకూడదు, చదువు చిన్నప్పుడే ఆగిపోయి ఉండాలి, పగలంతా ఏ పనీ ఉండకూడదు.

ఈ లక్షణాలన్నీ వినగానే గదిలో ఉన్నవాళ్ళంతా మా కోడలి వైపు తిరిగారట.

మా కోడలు ఆ బడిలో సైన్సు చెబుతుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ ఏడు నాణ్యత నివేదికలో మంచి మాట పడితే ఖాయమవుతుంది. పడకపోతే ఆ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు, ఆమె రైలెక్కి పోయేంత దూరంలో ఎక్కడో ఖాళీ వెతుక్కోవాలి. ఇంట్లో అందరికీ అదే దిగులు. నాకు ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే నా కోతలను చివరిదాకా వినేది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. మా ఆవిడ సగంలో లేచి వెళ్ళిపోతుంది. మా అబ్బాయి నేను గొంతు సవరించుకోగానే లేచి వెళ్ళిపోతాడు. కోడలు మాత్రం పరీక్ష పేపర్లు దిద్దుకుంటూనే తర్వాత ఏమైంది మామయ్యా అంటుంది. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్ని ఏనుగులనైనా బావిలో పడేస్తాను, పడేసినవాటిని తోక పట్టుకుని పైకి లాగుతాను.

ఆ పెద్దమనిషి నాకు మామగారు, ఇది బాగుండదేమోనండీ అని ఆమె అడ్డు చెప్పిందట. రాళ్ళకు చుట్టరికాలేమిటమ్మా అని హెడ్‌మాస్టారు కొట్టిపారేశాడు.

అలా నేను రాయినయ్యాను.

సామాన్ల గదిలోంచి ఒక పాత బెంచీ తీయించారు. పైన చెక్క పలక, కింద ఇనుప కాళ్ళు. వేరే బెంచీలతో కలిసిపోకుండా పలకకు పసుప్పచ్చ రంగు వేశారు. దానికి కొలబద్ద బెంచీ అని పేరు పెట్టారు. గంట కొట్టగానే డ్రిల్లు మాస్టారు ఒక వైపు, ప్యూను ఒక వైపు పట్టుకుని బెంచీని వరండాలో మోసుకుపోయేవారు. వెనకాల నేను, తెల్లచొక్కా వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ. రెండు రోజుల్లో నాకు నడకే మారిపోయింది. ఇంట్లో కూడా ఎవరైనా కుర్చీ మోసుకొస్తే తప్ప కూర్చోవడం మానేశాను. మా ఆవిడ చీపురు మోసుకొచ్చింది. మామూలుగా కూర్చున్నాను.

మొదట్లో అర్థం కానప్పుడు చెయ్యి ఎత్తమన్నారు. లెక్కల క్లాసులో నా చెయ్యి ఒకసారి లేచింది, గంట కొట్టేదాకా మళ్ళీ దిగలేదు. భుజం పట్టేసింది. లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు ఉరుము. ఆయన పక్క గదిలో సున్నా అంటే ఈ గదిలో సుద్దముక్కలు దొర్లుతాయి. ఆయన హెడ్‌మాస్టారి దగ్గరికి వెళ్ళి, జెండా కర్రలా ఎదురుగా ఒక చెయ్యి నిలబడి ఉంటే మనిషన్నవాడు పాఠం ఎలా చెబుతాడని తగువు పెట్టుకున్నాడు.

హెడ్‌మాస్టారు ఆలోచించి కొలత మార్చాడు. పాఠం అర్థమయ్యేవాడు మేలుకుని ఉంటాడు, అర్థం కానివాడికి నిద్రొస్తుంది. కాబట్టి ఈయన ఎంతసేపు మేలుకుని ఉంటే పాఠానికి అంత నాణ్యత. పరుగు పందేలకు వాడే స్టాప్‌వాచీ పట్టుకుని డ్రిల్లు మాస్టారు నా పక్కన నిలబడేటట్టు, నా గడ్డం గుండెలను తాకగానే నొక్కేటట్టు ఏర్పాటైంది.

ఇక్కడ ఒక చిన్న సవరణ చేసుకోవాలి. పగటిపూట కన్ను మూయనని మొదట్లో అన్నాను చూశారూ, మూస్తాను. పేపరు చదువుతూ మూస్తాను, క్షవరం చేయించుకుంటూ మూస్తాను. ఒకసారి బస్సులో నిలబడే మూసి, ముందున్నాయన వీపుకు ఆనుకుని, ఆయన దిగితే ఆయనతోపాటే దిగి, వాళ్ళింటి గుమ్మం దాకా నడిచి, వాళ్ళావిడ ఈయనెవరని అడిగితే గానీ లేవలేదు. వీధిలో ఎవరినైనా అడగమన్నాను కదా, అడగండి. మా ఆవిడ కన్నా వాళ్ళే ఎక్కువ చెబుతారు.

కొలత సంగతి తెలిసిన మర్నాటి నుంచి టీచర్లు పాఠాల మీద దృష్టి తీసేసి నా మీద పెట్టారు. సోషల్ మేడమ్ క్లాసు మొదలయ్యే ముందు చిక్కటి టీ తెప్పించేది, యుద్ధం వచ్చినప్పుడల్లా బల్ల గుద్దేది. ఆ మేడమ్ పాఠంలో శాంతి ఒప్పందాలకు కూడా బల్ల మోగేది. ఇంగ్లీషు మాస్టారు అల్లం బిళ్ళలు తెచ్చి నా నోట్లో వేసేవాడు. ఒకటి కరిగేలోపు ఇంకొకటి. ఉరుము మాస్టారికి ఏ సాయమూ అక్కర్లేదు గానీ, జాగ్రత్త కోసం బోర్డు మీద సున్నాలు గీసే పెద్ద చెక్క కంపాసును నా వెనకాల కింద పడేసేవాడు. నేను ఎగిరి పడేవాణ్ణి. పిల్లలు లెక్కలు మానేసి నేను ఎంత ఎత్తు ఎగురుతానో గీతలు పెట్టుకునేవారు. ఎవరి పాఠానికి నేను ఎంతసేపు మేలుకున్నానో రాసి గోడ మీద అంటించిన పట్టికలో వీళ్ళ పేర్లన్నీ పైన ఉండేవి.

అట్టడుగున మా కోడలి పేరు.

ఆమె గొంతు మెత్తన. అరవదు, గుద్దదు, ఏదీ పడెయ్యదు. ఒక ప్రశ్న వేసి, పిల్లలు ఏదో ఒకటి అనేదాకా ఊరుకుంటుంది. కిటికీలోంచి గాలి వస్తుంది, పిల్లలు గుసగుసగా వాదించుకుంటారు, ఆమె చెప్పినదేదో నా బుర్రలో చక్కగా సర్దుకుంటుంది. ఆ తర్వాత నాకేమీ తెలియదు. డ్రిల్లు మాస్టారు వాచీ నొక్కిన చప్పుడు కూడా వినపడేది కాదు.

ఆ పట్టిక సంగతి ఇంటికి చేరాక మా ఆవిడ రాత్రి భోజనం దగ్గర పెద్దగా ఏమీ అనలేదు. "కోడలి ఉద్యోగం మీద పడుకుని గురక పెట్టే మామగారిని ఎక్కడా చూడలేదండీ" అని మాత్రం అంది.

కోడలు నవ్వేసి, నిద్రొస్తే పడుకోనివ్వండి అత్తయ్యా, ఆయనేం చేస్తారు అంది. కానీ ఆ రాత్రి నేను ఏనుగును బావిలో పడేస్తే అది అక్కడే ఉండిపోయింది. తర్వాత ఏమైందని ఆమె అడగలేదు. ఫోనులో వేరే ఊళ్ళ ఖాళీలు చూసుకుంటోంది. నా గుండె జారి మా అబ్బాయి చెప్పుల దగ్గర పడింది. పై నుంచి నాణ్యతాధికారి స్వయంగా వచ్చి క్లాసులు చూసే రోజు దగ్గర్లోనే ఉంది. ఆ రోజు కోడలి క్లాసులో రెప్ప వాలిస్తే నేను మనిషినే కాదని ఇంట్లో అందరి ముందూ అన్నాను. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

నమ్మకం లేని చోట మా ఆవిడ ఏర్పాట్లు చేస్తుంది. మధ్యాహ్నం కడుపు నిండితే నిద్రొస్తుందని భోజనం ఎగ్గొట్టించింది. చొక్కా కాలరుకు గంజి పెట్టి, తల వాల్చితే గడ్డం గీసుకుపోయేలా ఇస్త్రీ చేసింది. అన్నిటికన్నా ముఖ్యంగా మా అబ్బాయి స్కూలు రోజుల నాటి బూట్లు అటక మీంచి దింపి, నా పాదాలు వాటిలోకి తోసింది. పట్టవు అన్నాను. పట్టకూడదనే అంది. ఇంటి నుంచి బడి దాకా నిప్పుల మీద నడిచినట్టే వెళ్ళాను.

నాణ్యతాధికారి నడివయసు ఆవిడ. బట్ట సంచీ, చదును చెప్పులు, ఎక్కువ మాట్లాడని మనిషి. పొద్దున్న ఉరుము మాస్టారి క్లాసులో గోడకు ఆనుకుని నిలబడి చూసింది. కంపాసు పడింది, నేను లేచాను, పిల్లలు గీత పెట్టుకున్నారు. ఆవిడ నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది. మధ్యాహ్నం మా కోడలి క్లాసుకు వచ్చేసరికి ఆవిడ కాళ్ళు లాగాయేమో, ఖాళీగా కనబడిన చోట కూర్చుంది. ఆ ఖాళీ నా పక్కనే. కొలబద్ద బెంచీ మీద ఇంకొకరు కూర్చుంటే తూకం చెడిపోతుందని హెడ్‌మాస్టారు చెప్పబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. డ్రిల్లు మాస్టారు వాచీ మొదలుపెట్టాడు.

మా కోడలు పాఠం పేరు చెప్పకుండానే ఒక పని చెప్పింది. ఈ గదిలో అన్నిటికన్నా చల్లగా ఉన్నదేదో పట్టుకుని చూసి రండి అంది. పిల్లలు చెదిరిపోయారు. ఒకడు కిటికీ ఊచ, ఒకతె తలుపు గడియ, ఒకడు ఏకంగా అధికారి సంచీ బకిలు పట్టుకున్నారు. అందరిదీ ఒకే మాట, ఇనుమే చల్లన, చెక్క వెచ్చన. ఆమె పొద్దుటి నుంచే కిటికీ ఊచకో థర్మామీటరు, చెక్క తలుపుకో థర్మామీటరు కట్టి ఉంచింది. చూసే ముందు ఏది తక్కువ చూపిస్తుందో ఒక్కొక్కరినీ రాసుకోమంది. రాశారు. చూశారు. రెండూ ఒకే అంకె చూపించాయి.

గది అట్టుడికిపోయింది. ఒక పిల్ల ఊచకు కట్టిన థర్మామీటరు పాడైందని తేల్చేసింది. అయితే ఇటుది అటు మార్చి చూడమ్మా అంది మా కోడలు. మార్చి కాసేపు ఆగారు. అదే అంకె.

"మరి ఇక్కడ ఎవరో అబద్ధమాడుతున్నారు. ఎవరు?" అని అడిగి ఊరుకుంది.

అబద్ధం అనగానే నేను చెవులు రిక్కించాను. నా సబ్జెక్టు కదా. పిల్లలు ఇనుమన్నారు, చెక్కన్నారు, థర్మామీటరు కంపెనీవాడన్నారు. చాలాసేపటికి అసలు చివరి బెంచీ మీంచి, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి, మన చెయ్యేమో టీచర్ అంది. అక్కడి నుంచి తీగ లాగారు. ఎదుటి వస్తువు ఎంత చల్లగా ఉందో చెయ్యి చెప్పడం లేదు, తన వేడి ఎంత తొందరగా పోతోందో చెబుతోంది. ఇనుము గబగబా లాక్కుంటుంది, చెక్క బద్ధకంగా తీసుకుంటుంది.

నేను ఒక చెయ్యి బెంచీ పలక మీద, ఇంకో చెయ్యి ఇనుప కాలి మీద పెట్టి చూశాను. ఇన్నేళ్ళుగా ఇనుము చల్లటిదని అనుకుంటున్నాను. చల్లదనమేమీ లేదు దానికి, ఉన్నదంతా ఆత్రమే. ఆ సంగతి నాలో దిగగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది. నా పాదాల్లో వద్దంటే వేడి ఉంది. ఎదురుగా ఆత్రంగా తీసుకునే ఇనుము ఉంది. మెల్లగా బూట్లు ఊడదీశాను. పాదాలు రెండూ బెంచీ కాలికి ఆనించాను. ఆ చోటు వెచ్చబడగానే కాస్త పైకి జరిపాను. నేను ఇచ్చాను, అది పుచ్చుకుంది. ఆకలి, గంజి కాలరు, మా ఆవిడ, అన్నీ ఒక్కొక్కటే దూరమయ్యాయి.

మేలుకునేసరికి పిల్లలంతా నా వైపే తిరిగి ఉన్నారు. వాచీ ఆగిపోయి ఉంది. బడి చరిత్రలోనే అతి తక్కువ అంకె అట, డ్రిల్లు మాస్టారు దాన్ని అరచేత్తో మూసి పట్టుకున్నాడు. హెడ్‌మాస్టారు తల పట్టుకున్నాడు. మా కోడలు బోర్డు వైపు తిరిగి, తుడిచిందే మళ్ళీ తుడుస్తోంది. నా భుజం తట్టి లేపింది అధికారి.

"తాతగారూ, ఇప్పుడు పాఠం దేని గురించి?"

కొంప మునిగిందని నాకు తెలుసు. మునిగిన కొంపలో దాచుకునేదేముంది. చూపించాను. పాదం పలక మీద పెట్టి, ఇది బద్ధకస్తుడమ్మా అన్నాను. బెంచీ ఇనుప కాలికి ఆనించి, ఇది ఆత్రగాడు, వేడి రెంటిదీ ఒకటే అన్నాను. ఒకచోట ఆత్రం తీరిపోతే పక్కకు జరగాలని కూడా చెప్పాను. నిద్రలో కూడా పాదాలు జరుపుతూనే ఉన్నానట, ఆవిడే చెప్పింది.

"ఇంత అర్థమైనవారు మరి నిద్రపోయారేం?"

"అర్థమైపోయాక ఇంకా మేలుకుని ఏం చెయ్యనమ్మా? మిగతా క్లాసుల్లో ఎటు నుంచి ఏం పడుతుందో తెలియక కళ్ళు తెరుచుకుని ఉంటాను. ఇక్కడే కాస్త ప్రాణానికి హాయి."

ఆవిడ నోటు పుస్తకం మూసేసింది. "పొద్దున లెక్కల క్లాసులో బాగా మేలుకుని ఉన్నారు. అక్కడ ఏం చెప్పారు?"

"కంపాసు పడిందమ్మా. పెద్దది. చెక్కది."

"పాఠం దేని గురించి?"

"పడటం గురించే అనుకుంటాను."

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ఉరుము మాస్టారు జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో దగ్గాడు. అధికారి అసలు చివరి బెంచీ దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయినీ పక్కనున్నవాళ్ళనూ తలుపు గడియ సంగతి ఒకరికొకరు చెప్పుకోమంది. వాళ్ళు చెప్పుకున్నారు, తగువు పెట్టుకున్నారు, చివరికి తేల్చుకున్నారు. అప్పుడు హెడ్‌మాస్టారి వైపు తిరిగి, చివరి బెంచీ ప్రతి క్లాసులోనూ ముందే ఉందండీ, కొత్తది మోసుకొచ్చి వేయనక్కర్లేదు, వెళ్ళి దాని పక్కన కూర్చుంటే చాలు అంది. ఆ తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, చెప్పులు విడిచి, రెండో వైపు ఇనుప కాలికి పాదాలు ఆనించింది. రెండు నిమిషాల్లో ఆవిడ కూడా తల వాల్చేసింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. డ్రిల్లు మాస్టారు ఏం చేయాలో తోచక రెండోసారి వాచీ నొక్కాడు.

దీనితో అంతా చక్కబడిందనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే. హెడ్‌మాస్టారు ఆ రాత్రంతా ఆలోచించి, మనం తక్కెడ ముల్లును తిరగేసి చదివాం, నిద్రే నాణ్యత అని తేల్చాడు. మర్నాడు కొలబద్ద బెంచీ మీద దిండు వెలిసింది. సోషల్ మేడమ్ యుద్ధాలను జోలపాట రాగంలో చెప్పింది. ఇంగ్లీషు మాస్టారు అల్లం బిళ్ళలు మానేసి నా నుదురు ఒత్తాడు. ఉరుము మాస్టారు గుసగుసగా భిన్నాలు చెబితే, ఏమీ వినపడక పిల్లలంతా నిద్రపోయారు. డ్రిల్లు మాస్టారు నిలబడే నిద్రపోయాడు. నాకొక్కడికే కునుకు పట్టలేదు. ఏమీ అర్థం కాలేదు మరి.

ఈ సంగతి ఎలా చేరిందో అధికారికి చేరింది. ఫోను వచ్చింది. ఆవిడ ఏమందో తెలియదు గానీ, హెడ్‌మాస్టారు నిలబడి విన్నాడు. ఆ తర్వాత దిండు నాకిచ్చి నన్ను ఇంటికి పంపేశారు. ఇక మీదట వారానికోసారి ఒక్కో టీచరు ఇంకో టీచరు క్లాసులో పిల్లల మధ్య కూర్చుని, అయ్యాక ఏం అర్థమైందో పిల్లలనే అడిగి తెలుసుకోవాలని నియమం పెట్టారు. ఉరుము మాస్టారి వంతు మా కోడలి క్లాసుకు పడింది. ఆయన కిటికీ ఊచ వదలకుండా పీరియడంతా కూర్చున్నాడట. మర్నాడు సున్నాల పాఠానికి కంపాసు తేలేదు. డబ్బా మూతలు, గాజులు, ఒక సైకిలు చక్రం, కొంత దారం తెచ్చి, చుట్టు కొలత అడ్డు కొలతకు ఎన్ని రెట్లుందో కొలిచి చూడమన్నాడు. పిల్లలు దేన్ని కొలిచినా మూడింతలు దాటి కాస్త మిగులుతోందని గోల పెట్టారు. ఆ కాస్తను పట్టుకోవడానికి ఆయన వాళ్ళ మధ్య నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడట. ఆ గోలలో ఆయన గొంతు ఎవరికీ వినపడలేదు.

మా కోడలి ఉద్యోగం ఖాయమైంది. నివేదికలో ఆమె గురించి ఏం రాశారో ఇంట్లో మా అబ్బాయి గట్టిగా చదివాడు. పిల్లలు తేలిగ్గా ఆలోచిస్తున్నారు, తప్పు చెప్పడానికి భయపడటం లేదు అని ఉంది. నా ప్రస్తావన ఒక్క ముక్కలో ఉంది, ఒక పెద్దాయన సైతం అని. సైతం అంటే నేనే. మా ఆవిడ ఆ రోజు నాకు కడుపు నిండా పెట్టి, పడుకోండి ఇక అంది.

ఇదంతా రాసి కోడలికి చూపించాను. ఎర్ర కలం తీసుకుని శ్రద్ధగా చదివింది. దిండు దగ్గర నవ్వింది. ఒక్కచోట ఆగి, అధికారి నిద్రపోలేదు కదా మామయ్యా అంది. పోలేదు. చెప్పులు విడిచింది నిజం, పాదాలు ఆనించింది నిజం, నిజమే సుమా అని గొణుక్కుంది నిజం. అంతే, వెంటనే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ కునుకు నేను కల్పించిందే. అంత పెద్ద క్లాసులో నేనొక్కణ్ణే నిద్రపోయానంటే ఏం బాగుంటుంది, పక్కన ఒక తోడుంటే బాగుంటుందనిపించింది.